తివాసీలకు ముందు అయిదు పద్యాలు

వాక్కుకు అధిదేవతయైన తల్లికి నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర శ్రావణ శుద్ధ విదియనాడు నేను చేసిన పనిని ఉన్నదున్నట్లు వ్రాస్తున్నాను.

ఆనాడు నా మేనకోడలు ఏలూరు నుంచి పాసింజరు బండిలో తాడేపల్లిగూడెం వచ్చింది. తెలుగు పండితుడిగా పనిచేసి నేను స్థిరపడిన ఊరిది. ఆమె తివాసీలకు నమూనాలు గీస్తుంది. గడికొక ముడి చొప్పున గళ్ళకాగితం మీద రంగులు నింపుతుంది. హైదరాబాదులో ఒక డిజైన్ సంస్థ ఉద్యోగానికి తన పనినంతా వెబ్‌సైటుగా కట్టి పంపాలి. గడువు పదిరోజులు. తండ్రి లేని పిల్ల కనుక ఏదైనా నన్నడిగి చేయడం అలవాటు.

వెబ్‌సైటు కట్టడానికి రెండు సాధనాలు చూపించింది. మొదటిది ఫోనులోనే నడుస్తుంది. సిద్ధంగా ఉన్న చట్రంలో బొమ్మలు పేర్చితే చాలు. రెండవదాన్ని లాప్‌టాప్‌లో ఎక్కించుకొని పుటలన్నీ మనమే కట్టుకోవాలి. ఆమె మనసు మొదటిదాని మీదే. కాని ముందుపుటకు దేవతాస్తుతి, వంశవర్ణనలతో అయిదు పద్యాలు నేను అప్పటికే సిద్ధం చేశాను. మొదటి సాధనం వాటి పాదాలను విరిచి వచనంలా పారించింది; ఒత్తులు పక్కకు జరిగిపోయాయి. అది పనికిరాదన్నాను.

"వాళ్ళు చదవరండీ మావయ్యగారూ, చూస్తారంతే."

"అవతారిక లేకుండా గ్రంథమేమిటమ్మా? నువ్వు వేసేది కరపత్రమా?"

ఆమె ఫోను తీసి సంచిలో పెట్టేసుకుంది. దాన్ని అంగీకారంగా తీసుకున్నాను.

రెండవ సాధనం నేర్చుకోవడానికే వారం పట్టింది. నాకు నచ్చే అక్షరరూపం కోసం మూడుసార్లు మార్చింది. ఇక నమూనాల ఫొటోలను సైజు తగ్గించి తేలిక చేసే వ్యవధి లేక, ఉన్నవి ఉన్నట్లే పద్యాల కింద చేర్చి పంపింది. నేను పుట తెరిచి, పాదానికి పాదం సరిగా నిలిచినందుకు మురిసిపోయాను. కిందికి జరిపి చూడలేదు.

ఉద్యోగం రాలేదని తెలిసినప్పుడు సంస్థకు ఫోను చేసి కారణమడిగింది నేనే. అక్కడి ఆవిడ మర్యాదగానే చెప్పింది.

"అమ్మాయి గీసినవేవీ మాకు కనపడలేదండీ. ఎవరో పెద్దాయన పద్యాలున్నాయండీ."

ఆ మాట ఏలూరు వెళ్ళి మేనకోడలికి చెప్పాను. ఆమె గళ్ళకాగితాలు సర్దుకుంటోంది. నిష్ఠూరమాడలేదు. "బొమ్మలు తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుందండీ. అంతదాకా ఎవరుంటారండీ?" అన్నది. ఆ పద్యాలెలా ఉన్నాయని ఫోనులో ఆవిడను అడగబోయి ఆగిన సంగతి మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను.

భాద్రపద బహుళ ఏకాదశినాడు నా మేనకోడలు కలిదిండిలో చేపల మేత అమ్మే ఒక సంస్థలో, చెరువుల వివరాలు కంప్యూటరులోకి ఎక్కించే పనికి చేరింది.