రోజుకో పువ్వు రాలిన ముగ్గు

ఆ రోజుల్లో ఆడదాని తెలివిని వాకిలి చూసి చెప్పేవారు. లోపల ఎంత పొదుపుగా సంసారం నడిపినా బయటివాళ్లకేం తెలుస్తుంది? తెల్లారేసరికి పేడనీళ్లు చల్లిన నేల మీద ఏం వేశావన్నదే లెక్క. ఇప్పుడు మా మనవరాలు నా ముగ్గును ఫోనులో ఫొటో తీసి ఏదో ముగ్గుల గ్రూపులో పెడుతుంది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు ఎర్రటి గుండెకాయ బొమ్మలు పంపుతారు. (ఒక్కతి కూడా "పిండి ఎక్కువ పోశావు" అనదు. అందుకే ఆ మెప్పు మీద నాకు నమ్మకం తక్కువ.) మా కాలంలో మెచ్చుకోలు అంత సులువుగా దొరికేది కాదు. కుళ్లు మాత్రం కావలసినంత దొరికేది. దాన్ని నేనూ కడుపునిండా తిన్నాను. తిన్నాక ఏం జరిగిందో ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను, ఇప్పటికీ సగమే అర్థమైంది.

సాతంరాయికి కోడలిగా వచ్చేనాటికి నా చదువు రెండో తరగతి దగ్గరే ఆగిపోయి ఉంది. మా పంతులు నేర్పింది ఒకటే విద్య: "బోర్డు మీద ఏమున్నదో అదే పలక మీద దించుండ్రి. సొంత తెలివి పెడితే వీపు పగుల్తది." ఆ మాట నా ఎముకల్లోకి దిగిపోయింది. మా అత్తగారిల్లు బెంగుళూరు రోడ్డు పక్కనే, బస్సులో పోయేవాళ్లకు వాకిలి కనపడేంత దగ్గర. ఇల్లు ఒకటే, తలుపులు రెండు, వాకిలి మళ్లీ ఒకటే. ఒక తలుపు మాది, రెండోది మా బావగారిది. ఎవరి తలుపు ముందు వాళ్లు ముగ్గు వేసుకోవాలి. ఆయన భార్య, అంటే మా యారాలు, ముగ్గులో నెమలిని దించితే అది ఇప్పుడే లేచి గింజలు ఏరుకుంటుందేమో అన్నట్టుండేది. అందుకే వాడకట్టంతా ఆమెను నెమలక్క అనేది. నన్నేమనేవారంటే, ఏమీ అనేవారు కాదు. (పేరు పెట్టాలంటే ఏదో ఒక గుణం కనపడాలి కదా.)

మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడకట్టు ఆడవాళ్లంతా మా అరుగు మీద చేరేవారు. ఒకరి పుట్టింటి ముగ్గును ఇంకొకరు నేర్చుకోవడం, పలక మీద చుక్కలు పెట్టి కలపడం, గీత తప్పితే తుడిచి మళ్లీ మొదలుపెట్టడం. అక్కడొక కట్టుబాటు ఉండేది. కొత్త ముగ్గు తెచ్చినావిడ ముందు తన వాకిట్లో వేసుకోవాలి, ఆ తర్వాతే మిగతావాళ్లు ముట్టుకోవాలి. నెమలక్క పుట్టింటికి పోయొచ్చినప్పుడల్లా ఒక కొత్తది కొంగున కట్టుకొచ్చినట్టు తెచ్చేది. నా దగ్గర మా అమ్మ ఇచ్చిన మెలికల ముగ్గు ఒక్కటే. అది చుక్కల చుట్టూ పాములా తిరిగి తిరిగి మొదలైన చోటికే వచ్చేది. "మంచిగున్నది చెల్లే, గని నిన్నటిదే గదా?" అనేది నెమలక్క, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకు నా కడుపులో నిప్పు రాజుకునేది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగేదాన్ని. మంట తగ్గేది కాదు, మజ్జిగ మాత్రం ఖర్చయ్యేది.

ఇంతలో మా ఆడబిడ్డ పెళ్లి కుదిరింది. మగపెళ్లివారిది కొత్తూరు. పెళ్లి మా వాకిట్లోనే, పందిరి కిందే. ఒకరోజు అత్తమ్మ బియ్యం చెరుగుతూ మా ఇద్దరినీ పిలిచి చెప్పింది: "పందిట్ల ముగ్గు ఒక్కటే ఉండాలె. ఎవ్వలది మంచిగుంటే వాళ్లే పెట్టుండ్రి. పెండ్లిదాంక సూస్త. నాకు ఇద్దరు కోడండ్లు ఒక్కటే." (ఒక్కటే అన్నదే గానీ కళ్లు నెమలక్క వైపే ఉన్నాయి.) పెళ్లిపందిట్లో ముగ్గు వేయడమంటే ఆ ఇంటి కోడలిగా నీ పేరు పది ఊళ్లలో చెప్పుకోవడమే. బంగారం అడగని నేను, పట్టుచీర అడగని నేను, ఆ ముగ్గు మాత్రం నాకే కావాలనుకున్నాను. ఎంత గట్టిగా అనుకున్నానంటే, అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆ వారంలోనే అత్తమ్మ నన్ను శంషాబాద్ బజారుకు పంపింది, కొలతకు ఆడబిడ్డ పాత గాజు ఒకటి చేతికిచ్చి. అక్కడ గాజుల దుకాణం పెట్టుకున్న ఒక ముసల్మాను పెద్దావిడ ఉండేది, పిన్నమ్మను పిలిచినట్టు అందరూ ఆమెను ఖాలా అనేవారు. నేను పోయేసరికి ఆమె ఎవరో పిల్ల చేతికి సన్నని పుల్లతో మెహందీ పెడుతోంది. మా ఇళ్లలో మైదాకు, అంటే గోరింటాకు, ముద్ద నూరి అరచేతిలో చందమామలా అద్దుకోవడమే. ఈమె చేతిలో అది తీగలా పాకుతోంది! మణికట్టు దగ్గర మొదలై, మధ్యలో మామిడిపిందె చుట్టూ తిరిగి, పువ్వులు పూసుకుంటూ చూపుడువేలు కొస దాకా పోయింది. నేను గాజుల మాట మరిచి నోరు తెరిచి నిలబడ్డాను.

"ఏం బేటీ, గంత పరేషాన్‌ల ఉన్నవ్?" అంది ఖాలా.

"గీ తీగ నాకు నేర్పుతవా ఖాలా?"

"నేర్పుడేంది? చెయ్యి దే. గాజులు నా తాననే కొను, ఇది ఊరికెనే పెడ్త."

ఊరికే పెడతానంటే నేను ఏనాడూ కాదనలేదు. ఎడమచెయ్యి చాపాను. ఇంటికి వస్తుంటే బస్సులో నా బుర్రలో దీపం వెలిగింది. బోర్డు నా చేతిలోనే ఉంది! ఇక దించుకోవడమే.

తెల్లారి అందరికంటే ముందు లేచి, పిండి గిన్నె నేల మీద పెట్టి, ఎడమ అరచెయ్యి చూసుకుంటూ కుడిచేత్తో నా తలుపు ముందంతా తీగను దించాను. లేచి చూసుకుంటే నాకే భయమేసింది. జనం పోగయ్యారు. "చుక్కలేవి?" అంది ఒకావిడ. "చుక్కలు లేకుంట ముగ్గెట్ల నిలుస్తదే, గుంజ లేని పందిరి లెక్క?" అంది అత్తమ్మ. అయినా ఎవరూ కదల్లేదు. నెమలక్క తన తలుపు దగ్గరే చాలాసేపు నిలబడి, చివరికి నా దగ్గరికి వచ్చింది.

"యాడిది చెల్లే ఇది?"

"నా మనసులకెళ్లి వచ్చింది" అన్నాను, ఎడమచెయ్యి కొంగులో దాచుకుని.

ఆ క్షణాన ఆమె మొహం చూస్తే నా కడుపులో మంట చల్లారింది. మజ్జిగ చెయ్యలేని పని అది చేసింది. ఇక ఆ రోజు నుంచి ఎడమచేతికి పాత గుడ్డ చుట్టుకుని, "కాలింది" అని చెప్పి తిరిగాను. అత్తమ్మ జాలిపడి కుడిచేతి పనులన్నీ నాకే చెప్పింది. అంట్లు తోమాలంటే మాత్రం రెండు చేతులూ కావాలి కదా. పెళ్లింటి అంట్లు, బూడిద, కొబ్బరిపీచు. బావి దగ్గర ఎవరూ లేనప్పుడు గుడ్డ విప్పి తోమేదాన్ని. అక్కడే నా బోర్డును నేనే చెరుపుకుంటున్నానని నాకు తోచలేదు.

ఒకరోజు పొద్దున చూస్తే వేలి కొసన ఉన్న పువ్వు లేదు. ఎంత గుర్తు చేసుకున్నా దాని రేకులు ఎటు తిరిగి ఉండేవో గుర్తు రాలేదు. ఉన్నది ఉన్నట్టు దించాలి, సొంత తెలివి పెట్టకూడదు. పువ్వు లేకుండానే వేశాను. ఇక పరువు పోయినట్టే అనుకుంటూ లోపలికి పోబోతుంటే, ఎదురింటి ముసలవ్వ కర్ర ఆనించి ముగ్గు వైపు వంగింది. "చూసిండ్రా? నిన్న పువ్వుండె, ఇయ్యాల రాలింది. రాలకుంటే పిందెట్ల పడ్తది? పిల్ల మస్తు ఆలోచన చేసిందే!" అంది. అందరూ ఆహా అన్నారు. నేనూ ఆహా అన్నాను. (ఇంకేమనాలో తెలియక.)

మర్నాడు ఇంకో పువ్వు పోయింది. ఆ మర్నాడు రెండు ఆకులు పోయాయి. నా ముగ్గు చిక్కిపోతున్నకొద్దీ చూసేవాళ్లు పెరిగారు. "ఇయ్యాల ఏం రాలింది?" అని అడుగుతూ పక్కవాడ నుంచి కూడా వచ్చేవారు. నిండుగా వేసిన నాడు చుక్కలేవన్నారు, ఊడిపోతుంటే పొగుడుతున్నారు. మెచ్చుకుంటున్నది నేను వేసినదాన్నా, వేయలేకపోయినదాన్నా?

నెమలక్క మాత్రం ఊరుకునే మనిషి కాదు. రోజుకొకటి తీసేయడమే కొత్త పద్ధతి కాబోలు అనుకుని, తన నెమలికి రోజుకు కొన్ని ఈకలు తగ్గించడం మొదలుపెట్టింది. నిన్నటి దాకా పురివిప్పి ఆడిన పక్షి కొద్దిరోజుల్లోనే బోసితోకతో బిక్కచచ్చి నిలబడింది. "ఏందక్కా, కోడిని పెట్టినవ్?" అని ఎవరో అననే అన్నారు. అత్తమ్మ వాకిలి మధ్యలో నిలబడి నెత్తి కొట్టుకుంది. "ఒకదానిది ఎండిపోవట్టె, ఇంకొకదానిది ఈకలు పీకుడాయె. ఇది పెండ్లి ఇల్లా, కరువొచ్చిన ఇల్లా? మీకేం పుట్టిందే ఇద్దరికి?"

పెళ్లికి ముందురోజు మధ్యాహ్నానికి నా అరచేతిలో మామిడిపిందె, దాని పక్కన కాస్త కాడ మాత్రమే మిగిలాయి. పందిట్లో వేయడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. బావి దగ్గర కూర్చుని, గుడ్డ విప్పి, ఏడవాలా తోమాలా అని ఆలోచిస్తూ రెండూ చేస్తున్నాను. అప్పుడు నెమలక్క వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. ఆమె కళ్లు కూడా వాచి ఉన్నాయి.

"చెల్లే, నిజం చెప్పు. ఏ పువ్వు తీయాల్నో నీకెట్ల తెలుస్తుంది? నేను ఏ ఈక తీసినా పాడే అయితాంది. నిద్ర పడ్తలేదే నాకు. నీ ముగ్గు చూసిన కాడికెళ్లి కడుపుల ఒక్కటే మంట."

నేను బిత్తరపోయాను. కడుపులో మంట నాది కదా, ఈమెకెలా అంటుకుంది? బూడిద అంటిన ఎడమచెయ్యి ఆమె ముందు తెరిచాను. ఆమె ఆ చేతిని చూసింది, నన్ను చూసింది, తోమిన గంగాళాన్ని చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. అలా నవ్వుతూనే నా చేతిలో గంగాళం లాక్కుని తనే కడిగింది.

"పిచ్చిదానా, గిన్నెలు తోముడు జర తక్కువ చేస్తే గెలుస్తుంటివి గదనే!"

మా నవ్వు విని అత్తమ్మ వచ్చింది. ఆమెకేమీ అర్థం కాలేదు, అయినా తీర్పు చెప్పేసింది: "ఇగ పంచాతి వద్దు. ఇద్దరు కలిసి పెట్టుండ్రి. ఆమె తీగ మీద నీ కోడిని కూసోబెట్టు."

అలాగే చేశాం. పెళ్లినాడు తెల్లవారుజామున నేను చేతిలో మిగిలిన పిందె, కాస్త తీగ దించాను, నెమలక్క దాని మీద నిండు పురితో నెమలిని కూర్చోబెట్టింది. తీగకు పువ్వులు లేని చోటల్లా నెమలి ఈకలు పడ్డాయి. అంత అందమైన ముగ్గు నేను మళ్లీ చూడలేదు. ఇంకెవరూ కూడా చూడలేదు. ఎందుకంటే మగపెళ్లివారు బ్యాండుతో దిగి, సరిగ్గా దాని మీదే ఎగిరెగిరి ఆడారు. పెళ్లికొడుకు పందిట్లోకి వచ్చేసరికి ఒక మూల పిందె, దాని పక్కన నెమలి కన్ను, అంతే మిగిలాయి.

పెళ్లికి ఖాలా కూడా వచ్చింది. ఆ మిగిలిన మూల దగ్గర ఆగి కిందికి వంగి చూసింది. నేను నెమలక్క చెయ్యి పట్టుకుని గర్వంగా నిలబడ్డాను. "నీ తీగే ఖాలా" అన్నాను.

"నాదేంది బేటీ? ఈ ఇంటిదే గదా!" అంది ఆమె. "ఆరాంఘర్ దిక్కు మా అక్కోళ్లింటికి బస్సుల పోయి వస్తుంటే రోజు ఇక్కడ వాకిట్ల చూస్తుంటి. మస్తు నచ్చి, చుక్కలు తీసేసి చేతుల మీద పెట్టుడు చేసిన."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరి నోటా ఒకటే మాట వచ్చింది: "ఏ తలుపు ముందు?"

"నాకేం ఎరుక? చూద్దామంటే బస్సు ఆగుతదా?" అని ఖాలా భోజనాల వైపు పోయింది.

నా మెలికల ముగ్గే ఖాలా చేతిలో తీగ అయిందా? లేక నెమలక్క పుట్టింటి నుంచి తెచ్చినవాటిలో ఏదైనానా? నాదే అయితే నన్ను చూసి నేనే కుళ్లుకున్నట్టు. ఆమెదైతే ఆమె ముగ్గుతోనే ఆమెను ఏడిపించినట్టు. దీని మీద మేమిద్దరం ఎన్నో మధ్యాహ్నాలు వాదించుకున్నాం. తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వాకిలి పోయింది, రెండు తలుపులూ పోయాయి. నెమలక్క కొడుకు దగ్గర ఆరాంఘర్ వైపు ఉంటోంది. నేను విమానాలు నెత్తి మీదుగా పోయే ఈ మూడో అంతస్తులో ఉన్నాను. ఇక్కడ వాకిలంటే తలుపు ముందు రెండు నాపరాళ్లంత జాగా. సుద్దముక్క ఒకటి కొంటే నెలలు వస్తుంది. (ఈ ఒక్క విషయంలో ఈ కాలం నాకు నచ్చింది.)

మొన్నొక పొద్దున ఏం వేయాలో తోచక, పాత అలవాటున ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకున్నాను. ముడతలు తప్ప ఏమీ లేవు. సరే, ఉన్నది ఉన్నట్టు దించడమే కదా నాకొచ్చింది. ఆ ముడతలనే దించాను. మనవరాలు ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. గుండెకాయలు కుప్పలుగా వచ్చాయట. ఆ ఫొటో తిరిగి తిరిగి ఎక్కడెక్కడికో పోయినట్టుంది, కాసేపటికి ఫోను మోగింది. తెరలో నెమలక్క మొహం, పళ్లు లేకపోయినా చూపు మాత్రం అదే.

"యాడిది చెల్లే ఇది?"

"నా మనసులకెళ్లి వచ్చిందక్కా."

"అబద్ధాలాడకు. చెయ్యి చూపియ్యి."

ఎడమచెయ్యి ఫోను ముందు తెరిచి పట్టుకున్నాను. ఆమె అద్దాలు పైకెత్తుకుని చాలాసేపు చూసింది.

"ఇంకా గిన్నెలు నువ్వే తోముతున్నవానే?"