వెనక దొడ్లో తునికి గింజలు

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డిలో మా ఇంటి అరుగు మీద అమ్మ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చేతిలో కత్తెర. కార్ఖానాలో తూచి ఇచ్చిన తునికాకులో చిరిగినవి పోగా మిగిలింది వాళ్లు అడిగినన్ని బీడీలకు చాలేది కాదు. బీడీలు తక్కువైతే అక్కడి గుమాస్తా అందరి ముందే తిట్టేవాడు. ఒకసారి అమ్మ వెంట వెళ్లి ఆ తిట్లు నేనూ విన్నాను.

ఆ ఎండాకాలమే గాంధారి వైపు తండాల ఆడవాళ్లు గంపల్లో తునికి పండ్లు తెచ్చారు. పండు తిని గింజలు దాచాను. ఇంట్లోనే చెట్టుంటే అమ్మకు ఆకు కొదవ ఉండదనుకున్నాను. తొలి వానకు వెనక దొడ్లో పాతాను.

నెల దాటినా ఏమీ రాలేదు... రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను. పక్కింటి లచ్చవ్వ గోడ మీది నుంచి చూసి, "ఏందిరా, మట్టికి తానం పోస్తున్నవా?" అనేది.

చివరికి మూడు మొలిచాయి. రెండింటిని కోళ్లు పీకేశాయి. మూడోదాని చుట్టూ తుమ్మకంప పెట్టాను. నాలుగు ఆకులేసింది. అమ్మను లాక్కొచ్చి చూపించాను.

"నాలుగాకులకు నాలుగు బీడీలైతయి బిడ్డా. ఇగ గుమస్తాకు భయపడేది లేదు" అని నవ్వింది.

ఎండలు ముదిరేసరికి ఆకులు రాలి, కాడ పుల్లలా ఎండింది. నీళ్లు ఎక్కువ పోసినా లాభం లేదు. కోపంతో పట్టి పీకాను... ఊడి రాలేదు. పారతో తవ్వాను. వేరు నా మూర కన్నా లోతుకు పోయి ఉంది, పచ్చిగా. పార తగిలి అప్పటికే తెగింది.

"సచ్చిందనుకుంటివా?" అంది లచ్చవ్వ. "అడవిల గూడ గట్లనే పైన ఎండుతది, కింద వేరు పోతది. వానకు మళ్ల లేస్తది."

"ముందుగాల చెప్పొచ్చు గదా!" అని అరిచాను.

"నువ్వు అడిగితివా?"

ఆ వారం కూడా అమ్మ తక్కువ బీడీ కట్టలతోనే కార్ఖానాకు వెళ్లింది. నేను వెంట వెళ్లలేదు.

ఇప్పుడు కామారెడ్డిలో ఉంటున్నాం. అమ్మ చేతివేళ్లు వంగవు, బీడీలు మానేసింది. మేడ మీద కుండీల్లో రెండుసార్లు తునికి గింజలు వేశాను. లోతు చాలక వేరు అడుగున చుట్టుకుపోయింది, మొక్క చచ్చింది. దొడ్డి ఉన్నప్పుడు నాకు ఓపిక లేదు... ఓపిక వచ్చేసరికి చుట్టూ సిమెంటే.

మీలో ఎవరైనా గింజ వేసి తునికి చెట్టును పెంచారా? ఎన్ని వానాకాలాలు ఆగారో రాయండి.