ఇద్దరి వంతూ ఆమే చెప్పేది

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం ఇంకా మూడు రోజులుందనగా మా అత్త పోయింది. మార్కాపురం ఆసుపత్రిలో, మధ్యాహ్నం పూట, నేను టీ తెచ్చుకుందామని కిందికి దిగిన పది నిమిషాల్లో. తిరిగొచ్చేసరికి నర్సు దుప్పటి సర్దుతోంది. మన సంఘంలో చాలామందికి ఆ సాయంత్రమే కబురు అందింది. పొరుగూళ్ళ నుంచి కూడా వచ్చారు, మట్టి వేసి వెళ్ళారు. ఇప్పుడు ఈస్టరు కూడా దాటింది కాబట్టి ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

ఆమె మా ఆయన తల్లి. మా ఆయన గుండెపోటుతో పోయి నాలుగేళ్ళు దాటింది. మాకు పిల్లలు లేరు. తర్లుపాడు దారిలో ఉన్న మా రెండు గదుల ఇంట్లో ఇక మిగిలింది మేమిద్దరమే. పుట్టింటికి వెళ్ళిపొమ్మని అందరూ నాకు చెప్పారు. ఆమె మాత్రం పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. చుట్టాలంతా వెళ్ళిపోయిన సాయంత్రం రెండు కంచాలు కడిగి పొయ్యి పక్కన పెట్టింది. నేను ఉండిపోయాను.

ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఆమె పలకల కార్ఖానాలో పనిచేసింది. పలకను వేలి కణుపుతో కొట్టి చూడటం అక్కడి పని. ఖంగుమంటే మంచిది, చప్పగా పలికితే లోపల పగులున్నట్టు. కార్ఖానా మూతపడ్డాక కూడా ఆ వేలు ఊరుకోలేదు. కుండ, బిందె, పుచ్చకాయ, ఆఖరికి ఎవరింటికన్నా పోతే వాళ్ళ తలుపు, దేన్నయినా ఒక దెబ్బ కొట్టి వినాల్సిందే. "నన్ను కూడా ఇట్లనే కొట్టి చూసి తెచ్చుకున్నావా అత్తా?" అని ఒకసారి అడిగాను. "నిన్ను కొట్టే పనేముంది? మీ ఊర్లో బస్సు దిగకముందే ఇనపడింది నీ మోత" అంది.

అబద్ధం కాదు. నాకు కోపం ఎక్కువ. మా ఆయన పోయాక అది మరీ ముదిరింది. "దేవుడు తీసుకున్నాడమ్మా" అని ఓదార్చబోయిన ఒకావిడను, "ఆయనకు నా మొగుడే దొరికినాడా?" అని మొహం మీదే అడిగేశాను. ఆవిడ ఇప్పటికీ గుడిలో నాకు దూరంగానే కూర్చుంటుంది.

మన దగ్గర పద్ధతి మీకు తెలిసిందే. ఈస్టరు ముందు శనివారం సమాధులకు సున్నం వేస్తాం. ఆదివారం పొద్దు పొడవకముందే కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి పోతాం. పాస్టరుగారు "క్రీస్తు లేచెను" అంటారు. అందరం "నిజముగా లేచెను" అంటాం. ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆ మాట అంటూనే ఉన్నాను, ఎవరైనా పిలిస్తే పలికినంత తేలిగ్గా. మా ఆయన పోయిన ఏడాది, ఆయన సమాధి పక్కన నిలబడితే ఆ మాట గొంతు దాటి రాలేదు.

ఇంటికి వచ్చే దారిలో, తిడుతుందేమో అనుకుంటూనే ఆమెకు చెప్పాను. "అత్తా, నేను అనలేకపోయినాను." నడక ఆపకుండానే ఆమె, "నీ వంతు కూడా నేను చెప్తాలే పాపా. నీకు వచ్చిననాడు నువ్వు చెప్దువు" అంది.

అన్నంత పనీ చేసింది. పైయేడు ఈస్టరుకు అందరితో కలిసి ఒకసారి అంది. అందరూ ఆగాక, విడిగా, ఇంకోసారి అంది. ముసలామెకు మతిమరుపు వచ్చిందని జనం నవ్వుకున్నారు. ఆ రెండోది నాదని మా ఇద్దరికే తెలుసు. అట్లా మూడు ఈస్టర్లు చెప్పింది. ఒక్కసారి కూడా నావైపు తిరిగి, ఇంకా రాలేదా అని అడగలేదు.

సున్నం పనిలోనూ ఒక ముచ్చట ఉంది. ఏప్రిల్ వచ్చిందంటే మా ఊరికి నీళ్ళు ట్యాంకరులోనే. అందుకని ఆమె బట్టలు జాడించిన నీళ్ళు దాచి, వాటితోనే సున్నం కలిపేది. ఒక ఏడు ఆ శనివారం నేను ఇంకో బిందె తెచ్చేలోపు ఆమె పక్క సమాధికి సున్నం మొదలుపెట్టేసింది. అప్పటికి ఆమెకు కంటి ఆపరేషన్ కాలేదు. ఆ సమాధి బతుకుతెరువు కోసం గిద్దలూరు వైపు వెళ్ళిపోయిన కుటుంబంవాళ్ళ తాతది. "అది మనది కాదత్తా" అన్నాను. రాయి దగ్గరికి మొహం పెట్టి చూసింది, అలవాటుగా ఒక దెబ్బ కూడా కొట్టింది. "కాదు గదా" అని ఒప్పుకుంది. నేను కుంచె లాక్కోబోతే ఇవ్వలేదు. "సగం ఏసి ఆపితే ఏం బాగుంటాది? ఈయప్ప కూడా లేసేవాడేగా" అంది. సున్నం చాలక ఆ ఏడు మా ఆయన సమాధికి వెనకవైపు వేయలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మరుసటి ఏడు నుంచి ఇద్దరికీ సరిపోయేటంత సున్నం నానబెట్టింది.

పోయిన ఏడు ఈస్టరు పొద్దున నా ఫోన్లో శుభాకాంక్షల బొమ్మలు వచ్చిపడుతుంటే ఆమె తొంగి చూసింది. "ఈ కుందేలు ఏంది? సువార్తలో కుందేలు యాడుంది?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ధైర్యం చేసి ఎన్నాళ్ళ నుంచో లోపల ఉన్నది అడిగాను. "నీకెట్ల వస్తాదత్తా ఆ మాట? పోయింది నీ కొడుకు గదా?"

ఆమె బియ్యం ఏరుతూనే చెప్పింది. "నాకేం తెల్దు పాపా. ఆ ఆడోళ్ళు పొద్దున్నే ఏసు సమాధి కాడికి పోయినారు గదా. లేసినాడని నమ్మి పోయినారా? ఆయన ఒంటికి సుగంధం పూసే పని మిగిలిపోయిందని పోయినారు. సమాధికి అడ్డం పెట్టిన రాయి ఎవురు దొర్లిస్తారో కూడా తెలీకుండానే బయల్దేరినారు. పని మిగిలింటే పోవాల. తెలిసేది ఆడికి పోయినాక తెలుస్తాది."

పునరుత్థానం మీద నేను చాలా ప్రసంగాలు విన్నాను. బాగా చెప్పినవాళ్ళూ ఉన్నారు. నాకు చేతికి అందింది మాత్రం ఇది ఒక్కటే.

ఈ ఏడు శనివారం నేనొక్కదాన్నే సున్నం బకెట్టు పట్టుకుని పోయాను. మా ఆయనకు వేశాను, గిద్దలూరు వాళ్ళ తాతకు వేశాను. ఆమెది ఇంకా పచ్చి మట్టి దిబ్బ. సున్నం వేయడానికి అక్కడ ఏమీ లేదు. చేతిలో కుంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఇల్లు చేరాక అన్నం వండబుద్ధి కాలేదు. ఒక్క మనిషికి ఎంత బియ్యం పోయాలో నాకు ఇప్పటికీ చేయి కుదరడం లేదు.

ఆదివారం తెల్లవారకముందు మబ్బులో అందరితో కలిసి వెళ్ళి ఆమె దిబ్బ పక్కన నిలబడ్డాను. పాస్టరుగారు "క్రీస్తు లేచెను" అన్నారు. జనం "నిజముగా లేచెను" అన్నారు. నా నోరు కదల్లేదు. ఆ తర్వాత ఆయన వెంటనే ప్రార్థన ఎత్తుకోలేదు. మూడేళ్ళ అలవాటు, రెండోది వినపడుతుందని ఆగారు. అక్కడున్న అందరూ ఆగారు. ఆమె లేదని అంత గట్టిగా నాకు ఆసుపత్రిలో కూడా తెలియలేదు.

"నిజముగా లేచెను" అన్నాను.

గొంతు బొంగురుగా వచ్చింది, సగంలో విరిగింది. నమ్మి అన్నానా అని మీరు అడిగితే చెప్పలేను. అది నా వంతో, ఆమె వంతో కూడా నాకు తెలియదు. పాస్టరుగారు తల వంచి ప్రార్థన మొదలుపెట్టారు.

తెల్లవారింది. జనం ఒక్కొక్కరే ఇళ్ళకు కదిలారు. ఆ వదులు మట్టిలో నా కొవ్వొత్తి ఎట్లా గుచ్చినా పక్కకు ఒరిగిపోతోంది. ఇక దాన్ని గుచ్చడం మానేసి, గాలికి చేయి అడ్డం పెట్టి, అయిపోయేదాకా చేత్తోనే పట్టుకుని కూర్చున్నాను.