పోగు మీద చూసిన రంగు

చైత్ర శుద్ధ విదియ: నా గడ్డపు సబ్బు నురగ ముఖమంతా పూసుకున్నది.
వైశాఖ పౌర్ణమి: వాళ్ల అమ్మ ముఖానికి రాసుకునే స్నో డబ్బా ఖాళీ చేసింది.
భాద్రపద అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ: జగిత్యాల నుంచి తెచ్చుకున్న నా మీసాల రంగు అడిగింది.

సిరిసిల్లలో నూలుకు రంగులద్దే రోజుల్లో మా అక్క కూతురిపై నేను ఒక పుస్తకంలో రాసిపెట్టిన ఫిర్యాదులివి. అప్పుడు దానికి ఆరేళ్లు. ఏది పూసుకున్నా గడ్డం పైకెత్తి, "మామా, గిప్పుడు పెద్దగయిన్నా?" అని అడిగేది.

ఆ బతుకమ్మ రోజు, "కనుబొమ్మలకు పెట్టు మామా, నీ మీసాల లెక్క నల్లగుండాలె" అన్నది.

"పిల్లలకు గది మంచిది కాదు తమ్మీ" అన్నది అక్క.

"రంగుల సంగతి నాకే చెప్తున్నవా అక్కా?" అన్నాను.

అద్దకంలో కొత్త రంగును ముందుగా ఒక పోగుకు పట్టించి చూడడం మా పద్ధతి. ఈ మీసాల రంగునూ అట్లాగే చూశాను. పోగు చెడలేదు. కనుబొమ్మలకు పెట్టేశాను.

సాయంత్రానికి దాని కళ్లు వాచి మూసుకుపోయాయి. నక్సలైట్ అన్నల బంద్ వల్ల బస్సులు నడవలేదు. రెండు రోజుల తర్వాత కరీంనగర్‌లో, పోగు మీద చూసే పెట్టానని నేను చెబితే, డాక్టరు నన్ను, "పోగుకు నొప్పి తెలుస్తదా?" అని అడిగాడు.

చూపు దక్కింది. కుడి కనుబొమ్మ మళ్లీ మొలవలేదు. పెద్దగయిన్నా అని అది మళ్లీ ఎన్నడూ అడగలేదు.

ఆ పుస్తకంలో నా మీద ఒక్క ఫిర్యాదూ లేదు. నా మేనకోడలు నేటికీ చేయలేదు కనుక నేనే నమోదు చేస్తున్నాను: పసిదాని చర్మానికి పోగును సాక్ష్యంగా ఎట్లా తీసుకున్నారో, అక్క మాట ఎందుకు తోసివేశారో, ఈ పుస్తకం రాసిన వ్యక్తి సంతకంతో ఆమెకు లిఖితపూర్వకంగా సమాధానమివ్వవలెను.