కిష్టవ్వకు లేని జబ్బు

ఎదుటివాళ్లకు ఏ జబ్బు వస్తే అది తనకూ ఉందనడం మా కిష్టవ్వ అలవాటు. నారాయణఖేడ్ బస్ డిపో వెనక ఉన్న మా బస్తీకి నేను ఆశా వర్కర్ని. ఎవరి నొప్పి రాసుకుంటున్నా ఆమె పక్కకొచ్చి కూర్చుంటుంది. "నాకు గూడ గట్లనే ఉన్నది, రాస్కో" అంటుంది. చూస్తే యాభై ఎనిమిదేళ్ల వయసులో రోజంతా ఇసుక తట్టలు మోసే మనిషి!

పక్కింటి రమ్యకు మూడో నెలలో వాంతులు పట్టుకున్నాయి. కిష్టవ్వ వెంటనే కడుపు పట్టుకుంది.

"నాకు గూడ గట్లనే తిప్పుతున్నది."

"అవ్వా, అది కడుపుతోని ఉన్నది!"

"అయితేంది? తిప్పుడు తిప్పుడే."

రమ్యతో పాటు దవాఖానకు వెళ్లి తన పేరనా చీటీ రాయించుకుంది. కిష్టవ్వ భర్త మొగులప్ప సిగ్గుతో వారం రోజులు టీ కొట్టు వైపు వెళ్లలేదు.

ఎదురింటి సంగప్ప మేక కుంటినప్పుడైతే, ఏ కాలో అడిగి మరీ కుంటింది.

ఇరవై ఏళ్లుగా కిష్టవ్వతో కూలికి వెళ్లే లిల్లీకి రొమ్ములో గడ్డ తగిలింది. రెండు నెలలు దాచి, చివరికి మా ఇద్దరికీ చెప్పింది. నేను ఎంత బతిమాలినా "పోతే కోస్తరు, నేను రాను" అని తలుపేసుకుంది.

మర్నాడు కిష్టవ్వ ఆ తలుపు బాదింది. "లిల్లీ! నాకు గూడ గడ్డ అయింది. ఒక్కదాన్ని పోవాలంటే కాళ్లు వణుకుతున్నయి. తోడు రావే!"

"గిన్ని దినాలు ఎందుకు దాచినవక్కా? నడువు జల్దీ!" అని కిష్టవ్వనే తిడుతూ లిల్లీ చెప్పులు వేసుకుంది.

"గడ్డ ఏ పక్క?" అని డాక్టరమ్మ అడిగితే కిష్టవ్వ వెనక్కి తిరిగింది.

"నీకేడున్నదే?"

"ఎడమ."

"నాకు గూడ గట్లనే, డాక్టరమ్మా."

డాక్టరమ్మ నవ్వాపుకుని ఇద్దరినీ చూసింది. లిల్లీకి సూది పరీక్ష చేస్తున్నంతసేపూ కిష్టవ్వ ఆమె చెయ్యి వదల్లేదు. అరుపులు మాత్రం కిష్టవ్వవే.

వారానికి రిపోర్టు వచ్చింది. ఒట్టి కొవ్వు గడ్డ, భయం లేదన్నారు. లిల్లీ ఏడుస్తూనే నవ్వింది, నేనూ అంతే. రమ్య దవాఖానకు వెళ్లిన రోజు కూడా తోడుకు వేరే ఎవరూ లేరని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఆమెను విసుక్కున్నందుకు సిగ్గేసింది.

కిష్టవ్వకు గడ్డ లేదు గానీ బీపీ ఉందని తేలింది. ఆమె నన్ను పక్కకు లాగింది.

"సుహాసినీ, గిది లిల్లీకి చెప్పకు."

"ఎందుకవ్వా, పరేషాన్ అయితదనా?"

"కాదే. తనకు గూడ బీపీ ఉన్నదని నా ఎంబడి వస్తది. ఒక దినం కూలి పోదా, పాపం!"