ఆరో వచనం దాటాక

మా మావయ్య పేము కుర్చీలు అల్లుతాడు. కూర్చునే చోట కుంగిపోయిన కుర్చీ, అంచుల్లో తెగిన కుర్చీ ఏదైనా చివరికి ఆయన దగ్గరికే వస్తుంది. ఆయనకి చూపు లేదు. ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది. చట్రం చుట్టూ ఉన్న కన్నాలను తడుముకుంటూ, నానబెట్టిన పేము బద్దను ఒకదాంట్లో దూర్చి ఇంకోదాంట్లోంచి లాగుతుంటే చూసేవాళ్లు తమ పని మరిచిపోతారు. అయితే ఆ అల్లికంతా తొమ్మిది వేళ్లతోనే. కుడిచేతి చూపుడు వేలికి ఎప్పుడూ మెత్తటి గుడ్డ చుట్టి ఉంటుంది. పేము పనికి వేళ్లు కాయలు కాస్తాయి, కాయ కాసిన వేలికి బ్రెయిల్ చుక్కలు అందవు. "తొమ్మిది మీ అత్తయ్యకి, పదోది దేవుడికి" అంటాడు. వీధిలో అందరికీ ఆయన తొమ్మిదివేళ్లాయన. తెలియనివాళ్లు వేలు తెగిందనుకుని జాలిపడితే, పోనీలే పాపం, పడనీ అని ఊరుకుంటాడు.

ఆయన బైబిలు ఒక పుస్తకం కాదు, ఒక గోడ. పడకగదిలో ఇనుప రాక్ నిండా ముప్పై తొమ్మిది సంపుటాలు, ఒక్కోటి తలగడంత లావు. పడుకోబెడితే బరువుకి చుక్కలు అణిగిపోతాయని అన్నీ నిలబెట్టే ఉంటాయి. వాటిని దులిపేదీ, తీసిచ్చేదీ అత్తయ్యే. చర్చిలో ఫలానా అధ్యాయం, ఫలానా వచనం అనగానే అందరూ పేజీ తిప్పేస్తారు. మావయ్యకి అలా కుదరదు. ఇంటికొచ్చి, సంపుటం తీయించి, అధ్యాయం మొదటినుంచీ వేలు నడిపిస్తాడు. ఆదివారం విన్న ప్రసంగం ఆయనకి మంగళవారానికి గానీ పూర్తవదు. "అందరికీ వాక్యం ఎగిరొస్తుంది, నీకు నడిచొస్తుంది మావయ్యా" అని ఏడిపించేదాన్ని. ఆ మాట ఎంత తెలివితక్కువదో ఆ ఆదివారం దాకా నాకు తెలియలేదు.

అత్తయ్యకి పెళ్లినాటి నుంచే మూర్ఛ జబ్బు. నేను మందుల షాపులో పనిచేస్తాను, వాళ్లింట్లోనే ఉంటాను, కాబట్టి ఆవిడ మాత్రలు నా పూచీ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఒకసారి మాత్రలు అయిపోయి రెండు రోజులు ఆగినందుకు పొయ్యి మీద పడి మోచేయి కాల్చుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ తరవాత నాలుగేళ్లుగా మూర్ఛ ఒక్కసారి కూడా రాలేదు.

ఇంతలో స్వస్థత సభలు పెట్టే బోధకుడు ఉరుమయ్యగారు మా ఊరొచ్చారు. ఆ బిరుదు జనం పెట్టింది. మైకు లేకపోయినా మైదానం చివరిదాకా వినిపించే గొంతు. ఆయన ప్రసంగాలు మోగని ఫోను మా వీధిలో లేదు. శనివారం సాయంత్రం సభకి వెళ్లొచ్చిన అత్తయ్య మొహం వెలిగిపోతోంది. చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్లి, మాత్రల డబ్బా తీసి చెత్తబుట్టలో వేసింది.

"మందు మింగేవాడికి విశ్వాసం లేనట్టేనట. నాకు స్వస్థత వచ్చేసిందే!"

"అయ్యగారికి పంటి నొప్పి వస్తే ఎవరి దగ్గరికెళ్తాడో కనుక్కున్నావా?" అన్నాను. ఉన్నట్టుండి మానేస్తే ఎంత ప్రమాదమో చెప్పాను, అరిచాను, ఏడ్చాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. రాత్రి మాత్ర లేదు. ఆదివారం పొద్దుటి మాత్రా లేదు. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ నా పైప్రాణాలు పైనే పోయేవి.

"నువ్వు చెప్తే వింటుంది, ఒక్క కసురు కసురు" అని మావయ్య మీద పడ్డాను.

"వాక్యం చూడకుండా ఎలా కసరనే?" అన్నాడు తాపీగా. నాకు ఒళ్లు మండింది.

భోజనాలయ్యాక అత్తయ్యని పిలిచాడు. "అయ్యగారు ఏయే వచనాలు చెప్పారో రాసుకున్నావుగా, చదువు."

రెండు ఉన్నాయి. మొదటిది ఆసా రాజు సంగతి. అత్తయ్య సంపుటం మోసుకొచ్చింది. మావయ్య గుడ్డ విప్పి వేలు పెట్టాడు. కుడి వేలు వరస మీద నడుస్తుంటే, ఎడమ చెయ్యి ముందే కింది వరస మొదలు పట్టుకుని కాచుకుని ఉంటుంది. అధ్యాయమంతా పైకి చదివాడు. రాజుకి పాదాల్లో జబ్బు చేసింది. దేవుణ్ణి వెతక్కుండా వైద్యుల్ని వెతికాడు. పోయాడు.

"ఉందా లేదా?" అంది అత్తయ్య.

"ఉంది. అయ్యగారు చెప్పినట్టే ఉంది" అన్నాడు మావయ్య. "కాకపోతే ఈయన అంతకు ముందే దేవుడి మీద అలిగి, బుద్ధి చెప్పిన మనిషిని జైల్లో వేయించాడు."

"అయినా పోయాడుగా?"

"పోయాడు."

నాకు ఆయన నోరు నొక్కేద్దామనిపించింది. పెళ్లాం ప్రాణం మీదికొస్తే ఎదుటివాడి తరఫున సాక్ష్యం చెప్పే మనిషిని అప్పుడే చూశాను.

రెండోది హిజ్కియా రాజు. అయ్యగారి ప్రసంగమంతా దీనిమీదేనట. జబ్బు పడ్డాడు, చావు ఖాయమని ప్రవక్త చెప్పిపోయాడు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. ప్రవక్త ఇంకా ప్రాకారం దాటకముందే దేవుడు వెనక్కి పంపాడు. ఇంకా పదిహేనేళ్లు ఇస్తానన్నాడు. మావయ్య చదువుతుంటే అత్తయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నావీ తిరిగాయి, అబద్ధమెందుకు.

"అక్కడిదాకే" అంది అత్తయ్య. "అయ్యగారు ఆరో వచనం దగ్గర ఆపి, ఈయన మాత్ర మింగాడా అనడిగారు. మైదానమంతా లేచి నిలబడింది."

మావయ్య వేలు మాత్రం ఆగలేదు. ఎడమ చెయ్యి అప్పటికే కింది వరస పట్టుకుని ఉంది. కుడి వేలు దాని దగ్గరికి వెళ్లి, నెమ్మదిగా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి నడిచింది. గొంతు సవరించుకుని చదివాడు. ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెమ్మన్నాడు. తెచ్చి రాజు కురుపు మీద వేశారు. ఆయన కోలుకున్నాడు.



"మళ్లీ చదవండి" అంది అత్తయ్య. మళ్లీ చదివాడు. ఆవిడ లేచి వెళ్లి తన బైబిలు తెచ్చుకుంది. సభలో ఎర్ర పెన్నుతో కొట్టిన గీత ఆరో వచనం చివర ఆగి ఉంది. దాని కిందే ఏడో వచనం.

"ఇదెప్పుడొచ్చిందే ఇక్కడికి?" అంది నన్ను చూసి. నవ్వాల్సిన మాటే. కానీ నాకు నవ్వు రాలేదు. మైదానం నిండా కళ్లున్నవాళ్లు. వాళ్లందరి ఒళ్లోనూ ఆ వచనం ఉంది. దాన్ని చూసింది ఈ ఒక్క వేలు.

"మాట ఇచ్చాక కూడా మందు వేయించాడా దేవుడు?"

"వేయించాడు."

"మరి అయ్యగారు ఎందుకు చెప్పలేదు?"

"ఆయన సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది ఈ చుక్కలే."

అత్తయ్య చాలాసేపు ఆ పేజీనే చూసింది. తరవాత నా వైపు చెయ్యి చాపింది. "డబ్బా ఇయ్యవే."

"నా దగ్గరుందని ఎవరన్నారు?"

"నువ్వు తీయకుండా ఉంటావా?"

సంచిలోంచి తీసిచ్చాను. మాత్రని అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని మింగింది. ఎర్ర పెన్ను తీసుకుని ఏడో వచనం కిందకి గీత పొడిగించింది.

సాయంత్రం పనికి కూర్చునే ముందు మావయ్య వేలికి గుడ్డ నేనే చుట్టాను. ఆ వేలు ఇంకా చల్లగా ఉంది.

"భయపడ్డావా మావయ్యా?"

"ఆసా దగ్గర చచ్చేంత భయమేసిందే. ఏడో వచనం ఉందని నాకేం తెలుసు? ఎప్పుడో చదివాను, గుర్తు లేదు." వేలు కదపకుండా నా చేతిలోనే ఉంచాడు. "ఆసా వైద్యుల్ని వెతికాడన్న ఆ ఒక్క వరస దాటేద్దామనుకున్నా. నీకు చుక్కలు రావు. నేను చదివిందాన్ని మీ అత్తయ్య ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారీ సరిచూసుకోలేదు. దాటేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"మరి ఎందుకు దాటలేదు?"

"దాటేస్తే, రేపు ఏడో వచనం చదివినా దాన్ని ఎందుకు నమ్మాలే మీ అత్తయ్య?"

ఆ వేలికి గుడ్డ ఇంకో చుట్టు చుట్టి, ముడి వేశాను.