బ్యాటరీ గదిలో నా భార్య

పెళ్ళికి ముందు నుంచే నా భార్యా నేనూ ఒకే వ్యానులో తిరిగేవాళ్ళం. విజయవాడ ఆటోనగర్‌లోని ఒక సర్వీసు కంపెనీలో ఇద్దరం టెక్నీషియన్లం. కరెంటు పోయినప్పుడు ఆసుపత్రులూ ఫ్యాక్టరీలూ ఆగిపోకుండా కాసేపు నిలబెట్టే పెద్ద పెద్ద యాసిడ్ బ్యాటరీలుంటాయి. వాటిని తుడిచి, కొలిచి, తగ్గిన చోట డిస్టిల్డ్ వాటర్ పోసి రావడం మా ఉద్యోగం. తనది పామర్రు. పొలం పనులు చేసుకునే ఇంట్లో మొదటి డిప్లొమా తనదే.

పని మొదలుపెట్టే ముందు మెడలో గొలుసు, చేతికున్న గాజులు, ఉంగరం తీసి నా చొక్కా జేబులో వేసేది. బ్యాటరీ మీద లోహం పడితే ఎంత ప్రమాదమో ఇద్దరికీ తెలుసు. అయినా ఆ జేబు బరువు నాకు ఇష్టంగా ఉండేది.

వెళ్ళిన ప్రతిచోటా అక్కడి వాళ్ళకు ఒకే మాట చెప్పేది. “చార్జింగ్ అయ్యేటప్పుడు వీటిలోంచి గ్యాసు వస్తుందండీ. దానికి రంగుండదు, వాసనుండదు. పైకప్పు కింద చేరి కూర్చుంటుంది. చిన్న రవ్వ తగిలినా పేలుతుంది. ఈ గదికి గాలి ఆడాలండీ, అంతే.” వాళ్ళు తలూపేవారు. మేం వెళ్ళాక అదే గదిలో పాత కుర్చీలు, ఖాళీ అట్టపెట్టెలు పేర్చేవారు.

ఆ వానాకాలం హనుమాన్ జంక్షన్ అవతల ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాం. నేను వ్యానులోంచి డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు దింపుతున్నాను. తను ముందుగా వెళ్ళి గది తలుపు తీసింది. జల్లు లోపలికి కొడుతోందని ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసి, దాని కన్నానికి అట్ట కొట్టేశారు. ముందు రోజు నుంచీ చార్జింగ్ నడుస్తూనే ఉంది. తను బయట ఉన్న ప్యానెల్లో చార్జర్ ఆపించి, ఏ స్విచ్చూ ముట్టుకోవద్దని సూపర్‌వైజర్‌కు చెప్పి, కిటికీ తెరవడానికి లోపలికి వెళ్ళింది. ఆయన పెద్దాయన, మంచివారు. ఆ మాట చార్జర్ గురించే అనుకున్నారట. లోపలున్న నా భార్యకు గాలి ఆడదని, చెయ్యి చాచి తలుపు పక్కనున్న ఫ్యాన్ స్విచ్ వేశారు.

ఆ రవ్వకు గ్యాసు అంటుకుంది. పెద్ద చప్పుడేమీ కాదు. గది తలుపు విసురుగా కొట్టుకున్నట్టు వినిపించింది. పరుగెత్తుకెళ్ళేసరికి తను గోడ పట్టుకుని బయటికి వస్తోంది. ముఖమంతా తడి. అది నీళ్ళు కాదని నాకు అర్థమైంది.

“క్యాన్లు తెండి,” అంది. నేలమీద పడుకుని తనే వేళ్ళతో కనురెప్పలు విడదీసి పట్టుకుంది. “పొయ్యండి. నేను అరిచినా ఆపకండి.”

తను అరవలేదు. నేను పోస్తూనే ఉన్నాను. క్యాన్లు అయిపోయాక పైపు లాక్కొచ్చి పోశాను. సూపర్‌వైజర్ గారు పక్కన నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఏడుస్తున్నారు. ఆయన్ను ఓదార్చమని తను నాతో అంది. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తుంది.

విజయవాడ ఆసుపత్రిలో ముఖం కడిగిన తీరు మెచ్చుకున్నారు. చర్మం చాలావరకు దక్కింది. కానీ పగిలిన బ్యాటరీ ముక్క ఒక కంట్లో దిగింది, రెండోదాన్ని యాసిడ్ తినేసింది. ఆ కంటికి ఆపరేషన్ చేశారు, మళ్ళీ చేశారు. కొన్నాళ్ళు కిటికీ ఎటుందో తెలిసేది. తర్వాత అదీ పోయింది. నగలు నా జేబులోనే ఉండిపోయాయని ఆసుపత్రి వరండాలో చూసుకున్నాను. గొలుసు తన మెడలో వేయబోతే కొక్కెం పెట్టడం నాకు కుదరలేదు. తనే తడుముకుని పెట్టుకుంది.

సూపర్‌వైజర్ గారు చూడ్డానికి వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

“గాలి ఆడుతుందని వేశానమ్మా,” అన్నారు.

“తెలుసండీ,” అంది తను. “ఆ అట్ట తీయించారా?”

తీయించారు. ఆ గదికి పైకప్పు దాకా గాలి ఆడే ఏర్పాటు చేసి, రవ్వ పుట్టని ఫ్యాన్ పెట్టి, తలుపు పక్కనే కళ్ళు కడుక్కునే కుళాయి బిగించింది నేనే. బిగించి, తిప్పి చూశాను. చల్లటి నీళ్ళు ధారగా వచ్చాయి. కట్టేసి, మళ్ళీ తిప్పి చూశాను.

తర్వాత మాకు పాప పుట్టింది. చర్చిలో బాప్తిస్మానికి వచ్చిన చుట్టాలందరూ అచ్చం తల్లే అన్నారు. ఇంటికొచ్చాక తను పాప ముఖమంతా వేళ్ళతో తడిమి, “నిజం చెప్పండి, ఎవరి పోలిక?” అని అడిగింది.

“ముక్కు నాది. కళ్ళు నీవే.”

తను పాప కనురెప్పల మీద వేలు ఆపింది.

“నా కళ్ళు ఎలా ఉండేవండీ? నాకు సరిగ్గా గుర్తుకు రావడం లేదు.”

చెప్పబోయాను. పెద్దవని చెప్పాను, నవ్వితే సగం మూసుకునేవని చెప్పాను. అంతటితో ఆపేశాను. పెళ్ళి ఫొటో గోడమీదే ఉంది. దాన్ని చూసి చెప్పడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు.

మాటలొచ్చాక పాప బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. కాగితం వాళ్ళమ్మ ముఖానికి ఎదురుగా పట్టుకుని “అమ్మా, చూడు” అనేది. తను ప్రతిసారీ “ఏం రంగు వేశావు తల్లీ?” అని అడిగి, చెప్పించుకుని, మెచ్చుకునేది. ఒకరోజు సాయంత్రం పని నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. పాప కాగితం పైకెత్తి, ఆగి, వాళ్ళమ్మ వేలు పట్టుకుని గీతల మీద మెల్లగా నడిపిస్తోంది. “ఇది ఇల్లు. ఇది నువ్వు,” అని చెబుతోంది.

ఆ రోజు నుంచి పాప వాళ్ళమ్మతో ‘చూడు’ అనడం మానేసింది. మేమెవరమూ నేర్పలేదు.